అనుబంధం కొనడానికి ముందు

గత మాసం అసర్ నమాజు తరువాత, సైదాబాద్‌లోని మా మదరసా వరండాలో ఒక తల్లి మా కోసం నిరీక్షిస్తున్నారు. వెంట ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న కుమారుడు. బంధువులిచ్చిన ఈదీ సొమ్ము కూడబెట్టి, కంప్యూటర్‌లో ఆడే ఒక ఆటకు అనుబంధ భాగం కొనుక్కుంటానని అబ్బాయి పట్టు. రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి ఫోనులో “మౌలానా సాబ్ ఏమంటే అదే” అని తప్పుకున్నారట. ఆట అనగానే మేము వద్దంటామని తల్లి ఆశ. అబ్బాయి భయం కూడా అదే.

వస్తువేమిటో తెలుసుకోకుండా దాని క్రయవిక్రయాలపై తీర్పు చెప్పరాదని ఏటా విద్యార్థులకు బోధించేవారము. కనుక ముందు ఆ అబ్బాయి చేతనే పాఠం చెప్పించుకున్నాము.

ఆట పేరు ఎల్డెన్ రింగ్. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసింది. దాని అనుబంధం షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ 2024 జూన్ 21న వచ్చింది. అమెరికాలో విడుదలనాటి వెల మూలానికి 60 డాలర్లు, అనుబంధానికి 40. మూలం లేనిదే అనుబంధం నడవదు. “అంటే ఇంటి వెలలో మూడింట రెండు వంతులు పోసి ఇంకొక గది కొంటున్నావన్నమాట” అన్నాము. “గది కాదు హజ్రత్, మొహల్లా!” అన్నాడు. కొత్త నేల, కొత్త కోటలు, కొత్త ఆయుధాలు, కొత్త శత్రువులు అంటూ వేళ్లు మడిచాడు.

కథ మాత్రం మాకు మింగుడు పడలేదు. మికెల్లా అనే పాత్ర దైవత్వం పొందగోరి, తన శరీరాన్ని, చివరకు తనలోని ప్రేమను కూడా దారిలో వదిలేస్తూ పోతాడట. మేము ముఖం చిట్లించడం చూసి, “ప్రేమను పారేసినవాడు దేవుడెలా అవుతాడు హజ్రత్, అతణ్ణి ఆపడానికే కదా మేము పోరాడేది” అన్నాడు. ఆ ఆటలో విశ్వాసం కూడా ఒక అంకెగా పెరుగుతుందని విని నవ్వాము. ఇలాంటి కల్పనలకు దూరంగా ఉండడమే మేలని మా అభిప్రాయం. అబ్బాయి కల్పనను కల్పనగానే చూస్తున్నాడని కూడా గ్రహించాము.

ఇక బేరం సంగతి. వెల ముందే తెలుసు, దొరికేది తెలుసు. లోపలేముందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మే ఆటలు వేరు. బెల్జియం జూద నియంత్రణ అధికారులు 2018లో వాటిలో కొన్నింటిని జూదంగానే పరిగణించారు. ఇందులో ఆ దోషం లేదు. వాపసు షరతు కూడా ఉంది. స్టీమ్ దుకాణంలో అనుబంధం కొన్న 14 రోజుల లోపు, కొన్న తరువాత ఆట రెండు గంటలు దాటకుండా ఉంటే, సొమ్ము వెనక్కి అడగవచ్చు. మన ఫిఖహ్ గ్రంథాలలోని ఖియార్ అధ్యాయం గుర్తొచ్చింది. అయితే కొన్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని అదే దుకాణం 2024 అక్టోబరు నుండి చెల్లింపుకు ముందే చెబుతోంది. అమ్ముకోవడానికి గానీ తమ్ముడికి ఇవ్వడానికి గానీ వీలులేదని అబ్బాయికి వివరించాము.

అనుబంధాలన్నీ ఒక్కటి కావు. 2006లో బెథెస్డా సంస్థ తన ఆబ్లివియన్ ఆటలోని గుర్రానికి కవచం తొడిగి, దానికి రెండున్నర డాలర్లు వసూలు చేసి నవ్వులపాలైంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2016లో విచర్ 3 ఆటకు తెచ్చిన బ్లడ్ అండ్ వైన్‌లో ఏకంగా ఒక కొత్త రాజ్యముంది. వెల 20 డాలర్లు. అది అనుబంధమై ఉండి కూడా ఆ ఏటి గేమ్ అవార్డ్స్‌లో పాత్రధారణ ఆటల బహుమతి గెలుచుకుంది.

“ఇదంతా దుబారా కాదా మౌలానా సాబ్?” అని తల్లి అడిగారు. వలీమా విందులో మూడో మిఠాయి లేకపోతే పరువు పోతుందనుకునే మనం పిల్లవాడి ఈదీ సొమ్ముపై ఆ మాట అనడానికి కొంచెం జంకాలి. మేము సైతం చిన్ననాట పతంగుల మాంజాకు పెట్టిన ఖర్చు మా వాలిద్ సాహెబ్‌కు చివరిదాకా తెలియదు.

అప్పుడు అబ్బాయిని అడిగాము: “కొన్న రోజునే ఆ మొహల్లాలోకి వెళ్లగలవా బేటా?”

తల వంచాడు. మూలంలో రాదాన్, మోగ్ అనే ఇద్దరు మహాయోధులను ఓడిస్తే గానీ ద్వారం తెరుచుకోదట. రాదాన్ వద్దే నాలుగు నెలలుగా ఓడిపోతున్నాడట. మోగ్ ముఖం ఇంతవరకు చూడలేదు. పైగా అనుబంధం అంతకన్నా కఠినం. అది వచ్చిన కొత్తలో ఆరితేరినవారే మొరపెట్టుకోగా, రోజుల వ్యవధిలో సంస్థ కొంత సడలింపు ఇవ్వవలసి వచ్చింది. ద్వారం వద్దకైనా చేరనివాడు నేడు 40 డాలర్లు ఎందుకు చెల్లించాలి? సరుకు ఎక్కడికీ పోదు. స్టీమ్‌లో ఏటా కొన్నిమార్లు తగ్గింపులు కూడా ఉంటాయి.

కాబట్టి ఇప్పుడు కొనవద్దన్నాము. ఇద్దరినీ ఓడించిన రోజున అతని సొమ్ముతో అతడు కొనుక్కుంటే అడ్డు చెప్పవద్దని తల్లి చేత మాట తీసుకున్నాము. పరీక్షల నెలలో కంప్యూటర్ మూసి ఉంచుతానని అబ్బాయి చేత కూడా. ఆమె అంత సంతోషంగా ఏమీ వెళ్లలేదు.

మొన్న జుమా రోజున మసీదు మెట్ల వద్ద అబ్బాయి పరుగున వచ్చి సలాం చేశాడు. రాదాన్ కూలిపోయాడట. మోగ్ ఇంకా నిలబడే ఉన్నాడు.