ఇంటిపేరు అడగని సిట్టింగ్

ఫోన్‌లో 'ఏఏ మీటింగ్ నియర్ మీ' అని కొట్టి చూడండి. పైన కనిపించేవాటిలో చాలావరకు మీటింగులు కావు. డీ-అడిక్షన్ సెంటర్ల ప్రకటనలు, 'గ్యారంటీగా మాన్పిస్తాం' అనే బోర్డులు, 'ఆయనకు తెలియకుండా టీలో కలిపెయ్యండి' అనే పొడులు. అసలు దొరకాల్సింది ఎక్కడో కింద ఉంటుంది.

ఈమధ్య ఒక ఫ్రెండ్ కోసం ఇలాగే వెతికాను (వాడి పర్మిషన్‌తోనే రాస్తున్నా). వాడికి ముప్ఫై ఒకటేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్ మందు కాస్తా రోజువారీ అయింది. వాళ్లావిడ నన్ను అన్నయ్యా అంటుంది. "ఎక్కడైనా చేర్పించేద్దాం అన్నయ్యా, మూణ్నెల్లు లోపలే ఉంచుతారట" అంది. వీడేమో "నన్నెవడ్రా లోపల ఉంచేది?" అని లేచాడు. ఇద్దరూ సెంటర్ గురించే మాట్లాడుతున్నారు. సెంటర్లో చేర్పిస్తారు, ఫీజు కడతారు. గ్రూపుకి మాత్రం ఎవరి కాళ్లతో వాళ్లు వెళ్తారు, గంటో గంటన్నరో కూర్చుంటారు, ఇంటికొచ్చేస్తారు. ఈ తేడా తెలిశాక వెతకడం సులువైంది.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో బిల్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ అనే సర్జను మొదలెట్టారు. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. ఎవరూ మాన్పించలేని తాగుడు, ఇంకో తాగుబోతుతో మనసు విప్పి మాట్లాడుతుంటే ఆగుతోందని గమనించారు. అంతే, అదే వైద్యం. మన దేశానికి 1957లో ఢిల్లీ మీదుగా వచ్చింది. ఫీజు లేదు. చేరడానికి ఒక్కటే అర్హత, మానాలనే కోరిక. ఖర్చుల కోసం ఒక సంచీ తిప్పుతారు. వేస్తే వెయ్యొచ్చు, లేకపోతే పక్కవాళ్లకి అందించొచ్చు.

బయటివాళ్లని రానిచ్చేది ఓపెన్ మీటింగ్, మానాలనుకునేవాళ్లకి మాత్రమే అయితే క్లోజ్డ్. ఓపెన్ మీటింగ్‌కి వాడితోపాటు నేనూ వెళ్లాను. ఒక స్కూలు గది, ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహా ఇవ్వరు. అక్కడ విన్నది అక్కడే వదిలెయ్యాలన్నది వాళ్ల పద్ధతి కాబట్టి ఎవరేం చెప్పారో రాయను. కానీ ఒకటి చెప్పొచ్చు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. మన దగ్గర ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ సగం జాతకం చెప్పేసినట్టే కదా! తిరిగొస్తూ మావాడు అన్నది ఒకటే: "మందు మానెయ్ అని ఒక్కడూ అనలేదేంట్రా?"

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మనందరికీ తెలుసు. మాల తీసిన సాయంత్రమే వైన్స్ దగ్గర కనిపించేవాళ్లూ తెలుసు. 'విల్ పవర్ లేదు' అని తేల్చేస్తాం. నాకలా అనిపించదు. ఆ 41 రోజులూ చుట్టూ స్వాములుంటారు, రాత్రయితే భజన ఉంటుంది, 'ఒక్క పెగ్గే కదరా' అనేవాడు ఉండడు. 42వ రోజున మనిషి వాడే, చుట్టూ ఉన్నవాళ్లే మారిపోతారు. గ్రూపు పూడ్చేది ఆ ఖాళీనే.

వెతకాలంటే ఏఏ ఇండియా అధికారిక సైట్‌లోకి వెళ్లండి, హెల్ప్‌లైన్ అక్కడే ఉంటుంది. వెళ్లేముందు ఫోన్ చేసి టైము, ఓపెనా క్లోజ్డా, తెలుగులో మాట్లాడతారా అని కనుక్కోండి. ఆడపిల్లలైతే మహిళల మీటింగ్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. చిన్న ఊళ్లో ఉంటే జూమ్ మీటింగులున్నాయి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416 ఇరవై నాలుగ్గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, 'ఎవరికి అర్థమైన రూపంలో వాళ్లకి' అంటూ. మావాడు పక్కా నాస్తికుడు, మొదటి గ్రూపులో ఇబ్బందిపడ్డాడు. రెండోది కుదిరింది. ఒక జిమ్ నచ్చకపోతే ఇంకోటి చూసుకోమా?

ఒక్కటి మాత్రం సీరియస్‌గా వినండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావచ్చు, ప్రాణాలకే ప్రమాదం. ముందు డాక్టరు, తర్వాతే గ్రూపు. మేమూ మొదట సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాం. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లాంటి ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. ఆ టీ పొడుల జోలికైతే అసలు పోకండి. మందు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర మనిషికి తెలియకుండా పెడితే, దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మావాడు పదో రోజున మళ్లీ తాగాడు. పన్నెండో రోజున మీటింగ్‌కి వెళ్లి ఆ మాటే చెప్పాడట. ఎవరూ తిట్టలేదు, టీ ఇచ్చారు.

ఇంట్లోవాళ్లకీ వేరే గ్రూపులున్నాయని చాలామందికి తెలియదు. పేరు అల్-అనాన్. 1951లో బిల్ భార్య లోయిస్, మరొకావిడతో కలిసి పెట్టింది. తాగేవాడు మానాడా లేదా అన్నదానితో పన్లేకుండా భార్య, తల్లి, తమ్ముడు ఎవరైనా వెళ్లొచ్చు. మా చెల్లెమ్మ ఇప్పుడు వారం వారం వెళ్తోంది. వాడు మీటింగ్ ఎగ్గొట్టిన వారం కూడా తను ఎగ్గొట్టలేదు.