అంకెల తరాజు

అమెరికాలో పరిశోధన చేయగోరిన మా పూర్వవిద్యార్థి ఒకడు జి.ఆర్.ఇ. భౌతికశాస్త్ర పరీక్ష వ్రాసివచ్చి, "ఈసారి ప్రశ్నపత్రం మరీ కఠినం సార్, ఇక దరఖాస్తు చేయను" అన్నాడు. ఆ నిరాశే నన్నీ నాలుగు మాటలు వ్రాయించింది.

ప్రతి పర్యాయం ప్రశ్నలు ఒకే తీరుగా ఉండవు. అందుచేత సరియైన జవాబుల సంఖ్యను ఉన్నదున్నట్లు ప్రకటించక, పత్రాల కాఠిన్యభేదాన్ని గణించి, 200 నుండి 990 వరకు గల కొలమానానికి మారుస్తారు. కఠినపత్రంలో కొన్ని జవాబులు తగ్గినా, సులభపత్రం వ్రాసినవానితో సమానమైన స్కోరు రావచ్చును. ఇది ఇన్సాఫే. అయితే గణితంలో 800, భౌతికశాస్త్రంలో 800 ఒకటి కావు. తరాజులు వేరు, రాళ్ళు వేరు. ఒకే శాస్త్రంలోని స్కోర్లనే పరస్పరం పోల్చవలెను.

ప్రశ్నపత్రాల నడుమ భేదాన్ని గణితం సరిదిద్దగలదు. పాఠశాలల నడుమ భేదాన్ని సరిదిద్దలేదు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి, ప్రశ్నలోని ఆంగ్లం వద్దనే క్షణాలు కోల్పోయే విద్యార్థికి ఏ సూత్రమూ ఆ క్షణాలను తిరిగి ఇవ్వదు. ఆ లోటు తీర్చవలసినది మనమే.

పరీక్షా నిర్వాహకులు ఉచితంగా ఇచ్చే అభ్యాసపుస్తకాన్ని గ్రంథాలయంలో ఉంచి, సాయంకాలం ఒక గంట శిక్షణకు అనుమతించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాను. బోధించుటకు నేను సిద్ధం.

విద్యార్థులారా! పత్రం కఠినమని దరఖాస్తు మానకండి. కఠినమైనది మీ ఒక్కరికే కాదు.