పీతల ఉడుకు

క్రాబ్ బాయిల్ అనే పేరుకు తెలుగుమాట కట్టబోయి చాలాసేపు తంటాలు పడ్డాను. ‘పీతల ఉడకవేత’ అంటే లంఖణం చేసినవాడికి పెట్టే పథ్యంలా ఉంది. ‘కర్కట క్వథనం’ అంటే కుండలోని పీతలు లేచి పారిపోతాయి. చివరికి ‘పీతల ఉడుకు’ దగ్గర ఆగాను. ఇంతకన్న మంచిమాట ఎవరికైనా తడితే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. పేరు మాట ఎలా ఉన్నా, ఈ వంటను గురించి నాకొక గట్టి అభిప్రాయం ఉంది. ఇది చవకగా చేసుకొన్నప్పుడే రుచిగా ఉంటుంది. ఖర్చు పెరిగినకొద్దీ దీని రుచి తగ్గుతుంది.

ఈ అభిప్రాయానికి మూలం నా ఇంట్లోనే నాకు జరిగిన ఒక చిన్న పరాభవం. 2009 నాటి మాట. హ్యూస్టన్‌లో మా పక్కవీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. న్యూ ఆర్లీన్స్‌కు దిగువన, ఉప్పునీటి చిత్తడినేలల్లో పీతలు పట్టి బతికిన కుటుంబం వారిది. 2005లో కత్రినా తుపానుకు ఇల్లు పోయి, వేలాదిమందితో పాటు ఇటు వచ్చేశారు. ఒకనాడు నడిరోడ్డుమీద ఆగిపోయిన నా కారును ఆయన బాగుచేసి, ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. ఆ ఋణం తీర్చుకొందామని దంపతులిద్దరినీ భోజనానికి పిలిచాను. మన పప్పూ పులుసూ పెట్టి ఊరుకొంటే సరిపోయేది. ఆయన వంట ఆయనకే వండిపెట్టాలనే దుర్బుద్ధి పుట్టింది నాకు. అంగడికి వెళ్ళి, ఉన్నవాటిలో ఘనమైనవిగా కనబడిన స్నో క్రాబ్ కాళ్ళు కొన్నాను. రెండువారాల ఇంటి సరుకుల డబ్బు అక్కడే అయిపోయింది. డబ్బామీద చెప్పినట్టే మసాలా వేసి ఉడికించాను.

ఆయన మర్యాదగా తిన్నారు. బంగాళదుంపలు మాత్రం రెండోసారి అడిగి వేయించుకొన్నారు. నేను పొంగిపోయాను. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ అంది, “రుచంతా ఆ దుంపల్లోనే ఉందండీ, కాళ్ళల్లో ఏమీ లేదు.” నాకు కోపం వచ్చింది. మరుసటి శనివారం పెద్దాయన కదులుతున్న గోనెసంచి ఒకటి, పెద్ద అల్యూమినియం కుండ ఒకటి పట్టుకొని మా గుమ్మంలో నిలబడ్డారు. “మొన్న మీరు పీతలకు స్నానం చేయించారు. ఇవాళ వండుదాం” అన్నారు.

ఆయన చెప్పిన కిటుకు చాలా చిన్నది. అంగట్లో దొరికే స్నో క్రాబ్, కింగ్ క్రాబ్ కాళ్ళు ముందే ఉడికించి గడ్డకట్టించినవి. మనం వాటిని మళ్ళీ నీళ్ళల్లో వేసినప్పుడు జరిగేది వెచ్చబడటమే. మాంసం అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది. మసాలా డిప్పమీదనే నిలిచిపోతుంది. ఇంకొంచెం సేపు ఉంచుదామంటే నారనారగా అయిపోతుంది. బతికివున్న పీతకు ఈ బాధ లేదు. ఉడుకుతూ, ఆ తరువాత ఆ నీళ్ళల్లోనే నానుతూ, కీళ్ళ సందుల్లోంచి ఉప్పునూ కారాన్నీ లోపలికి తీసుకొంటుంది. మెక్సికో సింధుశాఖ తీరంలో దొరికే నీలిపీత ఈ పనికి పుట్టినట్టుంటుంది. దాని శాస్త్రీయనామం కాలినెక్టెస్ సాపిడస్. 1896లో మేరీ రాత్‌బన్ అనే శాస్త్రవేత్త పెట్టారు. రుచిగల అందమైన ఈతగత్తె అని దాని భావం. శాస్త్రజ్ఞులు భోజనప్రియులై పెట్టిన పేర్లు తక్కువ కదా!

ఇప్పుడు ఆ కాళ్ళ ధర మరీ చుక్కలనంటింది. 2022 మార్చిలో రష్యా చేపలూ పీతల దిగుమతిని అమెరికా నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో అలాస్కావారు బేరింగు సముద్రంలో స్నో క్రాబ్ వేటను, పీతలు తగ్గిపోయినందున, చరిత్రలో తొలిసారి ఆపేశారు. 2024లో మళ్ళీ తెరిచినా అనుమతించింది కొద్దిపాటి వేటకే. అయినా భోజనశాలల్లో ‘కేజన్’ అని బోర్డు పెట్టి ఆ కాళ్ళనే సంచిలో వేసి ఇస్తున్నారు. మన మిత్రులు వరుసకట్టి నిలబడి తింటున్నారు. వారి ఆనందానికి అడ్డుపడను గానీ, అదే అసలు వంట అని చెబితే మాత్రం ఒప్పుకోలేను.

కేజనులు ఎవరు? 1755లో బ్రిటిషువారు అకేడియా నుంచి, అంటే నేటి కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతం నుంచి, వెళ్ళగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి. అకేడియన్ అన్నది నోట నలిగి కేజన్ అయింది. ఊళ్ళుపోయి లూసియానా చేరినవాళ్ళు అక్కడి వాగూ చిత్తడీ ఏమిస్తే అది తిని నిలబడ్డారు. పీత పట్టడానికి ఈనాటికీ కావలసినవి ఒక దారం, దాని కొసకు కట్టిన కోడిమెడ, చిన్న చేతివల. మా పెద్దాయన మాత్రం తాను కేజన్‌ను కాననే చెప్పేవారు. న్యూ ఆర్లీన్స్ వంటకూ కేజన్ వంటకూ ఉన్న తేడా మన కోస్తా, సీమ వంటల తేడా వంటిది. బయటివారికి రెండూ ఒకటే, లోపలివారికి అలా అంటే చిరాకు.

భోజనశాలలవారు పోసే వెల్లుల్లి వెన్న సంగతి వేరు. అది 1975 తరువాత సింధుశాఖ తీరానికి వచ్చి, వేటలో స్థిరపడ్డ వియత్నామీయులు ఈ వంటకు కలిపిన సొబగు. హ్యూస్టన్‌లో అది బాగా వేళ్ళూనుకొంది. కారం నీళ్ళల్లో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. కనుక వెన్నతో ఆ ఘాటు నాలుకను బాగా అంటుకొంటుంది. తెలివైన పని. మంచి పీతమీద వెన్న పోస్తే అలంకారం, చప్పిడి కాళ్ళమీద పోస్తే కప్పిపుచ్చడం.

ఇంట్లో చేసుకొనే విధానం చెబుతాను. వియత్నామీయుల చేపల అంగళ్ళలో బతికివున్న నీలిపీతలు డజన్ల లెక్కన దొరుకుతాయి. మగపీత పొట్టకింద తలకిందులైన టి అక్షరంలా ఉంటుంది. ఎదిగిన ఆడపీతకు వెడల్పాటి గుండ్రని పలక. మగదానికి గిరాకీ ఎక్కువ, కాబట్టి ధరా ఎక్కువే. ఆడవి చవక. కాకపోతే పొట్టకింద బయటికి గుడ్లముద్ద ఉన్నదాన్ని పట్టడం ఇక్కడ చట్టవిరుద్ధం; అది కనిపిస్తే వదిలేయాలి. చచ్చిన పీతను ఎంత చవకగా ఇచ్చినా ఇంటికి తేకూడదు. తెచ్చినవాటిని వండేముందు కాసేపు మంచుగడ్డలమీద ఉంచితే మత్తుగా పడుంటాయి, కుండలో వేయగానే కాళ్ళు రాల్చుకోవు.

మసాలా డబ్బాలు కొనవలసిన పనే లేదు. 1889 నుంచి న్యూ ఆర్లీన్స్‌లో పేరున్న జాటరెయిన్స్ వారి వలసంచిని విప్పి చూడండి: ఆవాలు, ధనియాలు, మిరప, ఆల్‌స్పైస్, సోయకూర గింజలు, ఆకులు. సగానికి సగం మన పోపుల డబ్బాయే! పలుచని గుడ్డలో ఇవే మూటకట్టి, నాలుగు లవంగాలు, చారెడు మిరియాలు చేర్చితే చాలు. ఆకు మాత్రం మన బిర్యానీ ఆకు కాదు. అది దాల్చినచెక్క జాతిది, వీరిది వేరే చెట్టు. ఆయన కారప్పొడి బదులు నేను గుంటూరు మిరపపొడి వేయబోతే పెద్దాయన వాసన చూసి, వరసగా ఏడు తుమ్ములు తుమ్మి, “సగం వేయండి” అన్నారు.

పది లీటర్ల నీళ్ళకు మూడువందల యాభై గ్రాముల ఉప్పు. అది ఇంచుమించు సముద్రపు నీటి ఉప్పదనం. దడుసుకోకండి, అదంతా మనం తాగబోము. అయితే కొన్న పొడి వాడేవారు చూసుకోవాలి, వాటిలో ముందే ఉప్పుంటుంది. మూట, సగానికి కోసిన నిమ్మకాయలు, ఉల్లిగడ్డలు, పొట్టు తీయని వెల్లుల్లి వేసి కాలుగంట మరగనివ్వాలి. ఇది పెరట్లో చేయవలసిన పని. వంటింట్లో మరిగిస్తే ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది. ముందు చిన్న ఎర్ర బంగాళదుంపలు, పావుగంట. తరువాత పీతలు, నీళ్ళు మళ్ళీ మరిగాక పది నిమిషాలు. అప్పుడు మంట ఆర్పి, గడ్డకట్టిన మొక్కజొన్న పొత్తులు అందులో పడేయాలి. ఇదే అసలు రహస్యం. చల్లటి పొత్తులు పడగానే వేడి దిగుతుంది, పీత మరీ ఉడికిపోకుండా నానుతుంది. ఇరవై నిమిషాలు ఎవరూ మూత తీయకూడదు. మా ఇంట్లో కష్టమైన ఘట్టం ఇదే.

గోదావరి జిల్లా మిత్రుడొకరు అడిగారు, మండపీత ఇగురు తెలిసినవాడికి ఈ ఉడకబెట్టిన వ్యవహారం ఏమిటని. ప్రశ్నలో న్యాయం ఉంది. ఇగురులో పీతను శుభ్రంచేసి, ముక్కలుకొట్టి, మసాలాను దాని పక్కకు తెస్తాం. ఇక్కడ పీత మొత్తంగా ఉండగానే మసాలా లోపలికి వెళుతుంది. డిప్ప ఊడదీసి, బూడిదరంగు మొప్పలు తీసిపారేసి, నడిమికి విరిచినప్పుడు వచ్చే ఆ తెల్లని మాంసపు తీపి ఇగురులో నాకు ఎన్నడూ విడిగా తెలియలేదు. అన్నంలోకి మాత్రం ఇగురే. అందులో వాదం లేదు.

ఈ విద్య పట్టుబడ్డ తరువాత మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకొనే మన పిల్లలను పండక్కి పిలవాలని ఉండేది; ఎనిమిదిమందికి భోజనశాలలో ఆ సంచులు తినిపించే శక్తి లేక, ఏవో సాకులతో వాయిదా వేసేవాళ్ళం. ఇప్పుడు ఆ ఇద్దరు అతిథుల విందుకైన ఖర్చులో పన్నెండుమంది తింటున్నాం. భీమవరం అబ్బాయి ఒకడు, ఇల్లు వదిలిన మూడేళ్ళకు పీత తింటున్నానని చెప్పి, ఆ తరువాత గంటసేపు ఒక్కమాటా మాట్లాడలేదు. బల్లమీద కాగితాలు పరచి, కుండ అలాగే కుమ్మరిస్తాం. కంచాలుండవు, చెంచాలుండవు, పెద్దా చిన్నా వరుసలుండవు. పక్కవాడికి డిప్ప పగలగొట్టడం రాకపోతే మనమే పగలగొట్టి ఇవ్వాలి.

పెద్దాయన తరువాత కూతురి దగ్గరికి లూసియానా వెళ్ళిపోయారు. కుండ మాకే వదిలేశారు. మిగిలిన దుంపలను మా ఆవిడ మర్నాడు ఎండుమిర్చి, కరివేపాకు తిరగమోతలో వేయిస్తుంది. ఉప్పు వేయనక్కరలేదు.