అన్న ఆటగాడు... మరి చెల్లి?

మా అన్నయ్య కూతురు ఏడో క్లాసు. షటిల్ బాగా ఆడుతుంది. మొన్నో ఆదివారం స్పోర్ట్స్ పేజీ తిరగేస్తూ హఠాత్తుగా అడిగింది.

‘బాబాయ్, అన్నయ్య బాగా ఆడితే మంచి ఆటగాడంటారు. మరి నేను?’

‘క్రీడాకారిణి’ అన్నాను.

‘అది ప్రైజులిచ్చేటప్పుడు మైకులో చెప్పే మాట. మామూలుగా ఏమంటారు?’

మాటలు రాసి బతికేవాణ్ని. అయినా నోరు పెగల్లేదు!

పని చేసేవాళ్లకు పేర్లు పెట్టడంలో తెలుగు పిసినారేం కాదు. ‘కాడు’ చేరిస్తే వేటగాడు, పాటగాడు. ‘అరి’ చేరిస్తే నేర్పరి, పొదుపరి... వీటికి ఆడామగా తేడా కూడా లేదు. దాత, నేత, వక్త సంస్కృతం నుంచి వచ్చారు. పారశీకం నుంచి ‘దారు’ దిగింది. అక్కడ దానర్థం ‘కలిగి ఉన్నవాడు’. అందుకే జమీందారు, వాటాదారు. మనవాళ్లు దాన్ని తెలుగు మాటలకూ తగిలించి అమ్మకందారునీ, కొనుగోలుదారునీ తయారుచేశారు.

మరి ‘కాడు’కు జోడీ లేదా? ఉంది... ‘కత్తె’. చెలికాడు-చెలికత్తె, అందగాడు-అందగత్తె. ఆ లెక్కన ఆటగాడికి జోడీ ఆటకత్తె. ఆ మాటా ఉంది! కానీ పాత తెలుగులో ఆటకత్తె అంటే నాట్యమాడే స్త్రీ. ఆ వృత్తిని లోకం చిన్నచూపు చూసింది. ఆ మరక మాటకూ అంటుకుంది.

పక్కనే ఉన్న కన్నడంలో ఈ బాధ లేదు. అబ్బాయి ఆటగార, అమ్మాయి ఆటగార్తి. అక్కడి పత్రికలు నిక్షేపంలా రాస్తాయి.

ఆ మాటకొస్తే ‘గాడు’ మాత్రం తక్కువ తిందా? పేరు చివర చేరితే రాముగాడు... చనువో, చులకనో! అదే ఆట చివర చేరితే కప్పు పట్టుకుని నిలబడుతుంది. అబ్బాయిల విషయంలో మాటను మన్నించాం. అమ్మాయిల దగ్గరికొచ్చేసరికి మాటనే వదిలేశాం.

ఇదంతా చెబితే మా పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. ‘అయితే షట్లర్ అని రాయి బాబాయ్. 2016లో రియోలో రజతం గెలిచిన సింధునీ అలాగే రాస్తారుగా!’

ఇంగ్లిష్ మాట. ఆడైనా మగైనా ఒకటే. సమస్య తీరింది. కానీ నాకే ఎక్కడో చివుక్కుమంది.

మీకేదైనా మంచి తెలుగు మాట తోస్తే చెప్పండి. కాస్త త్వరగా... వచ్చే నెలలో మా అమ్మాయికి మ్యాచ్ ఉంది!