గొలుసు కొస ఎవరి చేతిలో ఉంది?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. దేశదేశాలకు పోతున్నాయి. ‘మన జిల్లా కారు’ అని నాయకులు మురిసిపోతా ఉండారు. మంచిదే. ఆ కారులో ఎవరి వాటా ఎంతప్పా అని అడిగితే మాత్రం నోరు మెదపరు.

ఈ ప్రశ్న మనదొక్కరిదే కాదు. ఒక దేశం సరుకు చేస్తుంది, ఇంకో దేశం కొంటుంది అని పాత అర్థశాస్త్రం లెక్క. 1977లో హాప్కిన్స్, వాలర్‌స్టీన్ అనే ఇద్దరు పండితులు, ముడిసరుకు నుంచి అమ్మకం దాకా దేశాలు దాటే గొలుసును చూడమన్నారు. 1994లో జెరెఫీ అనే ఆయన ఆ గొలుసును లాగేదెవరని అడిగాడు. కార్లలో తయారుచేసే పెద్ద కంపెనీ లాగుతుంది. బట్టల్లో కొనే బ్రాండు లాగుతుంది. ఈ సంగతి హిందూపురం గార్మెంట్స్ అక్కలకు పుస్తకం చదవకనే తెలుసు. మిషన్ తొక్కేది వాళ్ళు, ధర కట్టేది యాడో దూరదేశంలో.

తర్వాత ‘గొలుసులో చేరండి, మెట్టుమెట్టు పైకి ఎక్కండి’ అనే బోధ వచ్చింది. గొలుసులో చేరితే పేదరికం తగ్గుతుందని 2020 నివేదికలో ప్రపంచ బ్యాంకు చెప్పింది. లాభం అందరికీ సమానంగా అందడం లేదని కూడా ఒప్పుకుంది.

మెట్ల సంగతి మనకు ఒకరు చెప్పాల్నా? కులం పనినే కాదు, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడదీసిందని 1936లోనే బాబాసాహెబ్ తేల్చినాడు. పండితుల లెక్క ఎక్కువగా దేశం దగ్గరో కంపెనీ దగ్గరో ఆగుతుంది. వాడకు రాదు.

ధర్మవరం చీరనే చూడండి. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళు, ధర్మవరంలో మగ్గం, బెంగుళూరులో షోరూం. కూలి మగ్గం నేసేవాడికి ధర చెప్పే నోరుందా? పట్టు ఇచ్చిన షావుకారుదే మాట.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్ళలో నూటికి 4 వంతులు ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచి కొనాలని 2012లో నియమం వచ్చింది. ప్రైవేటు కంపెనీకి అది పట్టదు. ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో నూటికి 75 స్థానికులకేనని 2019లో మన రాష్ట్రం చట్టం చేసింది. అందులో దళిత బిడ్డకు వేరే లెక్క లేదు. మాలా మాదిగలు స్థానికులు కారా?

అందుకే ఊరూరా మూడు లెక్కలు అడగండి. పర్మినెంటు ఉద్యోగాల్లో మనవాళ్ళెందరు? ఊడ్చే కాంట్రాక్టులో ఎందరు? విడిభాగాలు, బండ్లు, భోజనాలు సరఫరా చేసే కాంట్రాక్టుదారుల్లో ఎందరు? రాయితీలిచ్చిన ప్రభుత్వమే జవాబు చెప్పాల. మనం అడిగేది దానం కాదు, గొలుసులో మన వాటా.

జై భీమ్!