గృహాలంకరణకు ముందు ఉపకల్పన

మిరప పంట అమ్ముడై పైకం ఇంటికి చేరిన తరువాత మా మార్టూరు ప్రాంతంలో అనేక కుటుంబాలవారు తలపెట్టే మొదటి పని ఇంటిని బాగుచేయించుకోవడం. వేసవిలో పెళ్లి కూడా ఉంటే చెప్పనవసరం లేదు. ముహూర్తానికి నెలా పదిరోజుల ముందు తాపీమేస్త్రి, వడ్రంగి, రంగులవారు, కరెంటు పనివారు ఒక్కుమ్మడిగా ఇంట్లో దిగుతారు. ఇల్లాలు ఆ దుమ్ములోనే వంట చేస్తుంది, పిల్లలు ఆ దుమ్ములోనే పరీక్షలకు చదువుకుంటారు, పెద్దవారు ఓ మూల మంచం మీద దగ్గుతూ ఉంటారు. పని ముగిసిన తరువాత దగ్గుకు కషాయం, కండ్లమంటకు లేపనం, నడుమునొప్పికి తైలం ఏదని అడుగుతారు. ఈ బాధలలో చాలావరకు పని మొదలుకాక ముందే, ఒక తెల్లకాగితం మీద, నివారించదగినవని నా అభిప్రాయం.

చరకసంహిత సూత్రస్థానంలో పదిహేనవ అధ్యాయానికి ఉపకల్పనీయమని పేరు. ఉపకల్పన అనగా ముందుగా సమకూర్చుకొనుట. వమన విరేచనాది చికిత్సలు ఆరంభించుటకు పూర్వమే కావలసినవన్నీ సిద్ధపరచుకోవాలని అందులో ఉన్నది. ఆ సామగ్రిలో మొట్టమొదట వచ్చేది ఇల్లు. వాస్తువిద్యలో నేర్పరి అయినవాడు రోగికొరకు ఇంటిని కట్టాలి. అది దృఢంగా ఉండాలి. గాలి విసురు తగలరాదు గాని ఒకవైపున గాలి ధారాళంగా ఆడాలి. మసలడానికి సుఖంగా ఉండాలి. పొగ, ఎండ, నీరు, ధూళి అందులోకి చొరరాదు. నీటివసతి, రోలు రోకలి, మరుగుదొడ్డి, స్నానపు తావు, వంటశాల అమర్చాలి. ఈశాన్యపు మూలను గురించి నేడు మన ఇండ్లలో జరిగే చర్చలో పదోవంతు ఈ ధూళిని గురించి జరిగినా నేను సంతోషిస్తాను.

మార్టూరు గ్రానైటు పలకల కోతకు, మెరుగుకు పేరుపడిన ఊరు. (2022లో బాపట్ల జిల్లాలో చేర్చినా ప్రకాశం జిల్లా అనే మా నోటికి వస్తుంది.) పొరుగున బల్లికురవ క్వారీలున్నాయి. రాయి చేరువలో దొరుకుతుంది కనుక హాలు మొదలు స్నానపుగది వరకు అద్దంలా మెరిసే పలకలే పరిపిస్తున్నారు. రాయి మన్నికను నేను కాదనను. వేసవిలో పాదాలకు చల్లన కూడా. అయితే మెరుగుపెట్టిన రాయి తడిస్తే జారుతుంది. తుంటి ఎముక విరిగిన నాయనమ్మను మళ్లీ నడిపించడం ఏ తైలానికీ సులభం కాదు. స్నానపుగదికి, మెట్లకు, పెరటి గడపకు మంటసెగతో గరుకు చేసిన పలకలు అడగండి. గోడకు పట్టుకొనే కడ్డీ ఎక్కడ రావాలో పలకలు అతికించక మునుపే మేస్త్రికి చూపించండి. ఆ కడ్డీని వాడవలసిన పెద్దమనిషిని అక్కడ నిలబెట్టి, చేయి అందే ఎత్తున గుర్తు పెట్టించడం మంచిది.

ఇక ఆ పలకల కోత. గ్రానైటులో క్వార్ట్జ్ ఉంటుంది. చేతియంత్రంతో నీరు లేకుండా కోస్తే లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. దానిని ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది, క్షయ సోకే ముప్పు కూడా హెచ్చుతుంది. మచ్చకట్టిన ఊపిరితిత్తిని పూర్వస్థితికి తెచ్చే మందు అల్లోపతిలో లేదు, మన వైద్యంలోనూ లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంటివారికి ఇది నాలుగు రోజుల దగ్గు. మేస్త్రికి మాత్రం ఈ ఇల్లు కాకపోతే మరో ఇల్లు. బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని పనివారిలో గట్టి నమ్మకం ఉన్నది. బెల్లం గొంతుకు హాయినిస్తుందే గాని ఊపిరితిత్తులలోని ధూళిని తీయలేదు. ముక్కుకు చుట్టిన తువ్వాలు కూడా ఆ సన్నని ధూళిని ఆపదు. కావున కొలతలన్నీ ముందే తీసుకొని, నీరు పోస్తూ కోసే కర్మాగారంలోనే ముక్కలు చేయించండి. మిగిలిన చిన్న కోతలు ఆరుబయట, నీటి ధార కింద జరగాలి. ఈ మాట అడ్వాన్సు ఇచ్చేనాడే అనుకోవాలి. హాలు మధ్య యంత్రం తిరిగేటప్పుడు చెబితే వినేవారుండరు.

రంగుల సంగతి. గృహోపయోగ రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 మించరాదని మన దేశంలో 2016లో చేసిన నియమాలు 2017 నవంబరు 1 నుండి అమలయ్యాయి. అంతకు మునుపటి తలుపుల మీది పాత రంగుపొరలలో సీసం ఉండవచ్చు. వాటిని ఇంట్లో పొడిగా గరుకుకాగితంతో రుద్దించకండి. తలుపు ఊడదీసి, బయట తడిపి రుద్దించాలి. గర్భిణులను, పసిపిల్లలను ఆ రోజులలో బంధువుల ఇంట ఉంచడం మేలు. ప్లైవుడ్ బీరువాల జిగురు నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్ మరొకటి. కొత్త బీరువా తలుపులు కొన్ని వారాలు బార్లా తెరిచి, కిటికీలు తీసి ఉంచండి. ఆ వాసన పోగొట్టడానికి సాంబ్రాణి వేయడం చూస్తున్నాను. ధూపానికి శాస్త్రంలో స్థానమున్నది. అయినా మూసిన గదిలో ఆ వాయువును తొలగించే శక్తి దానికి లేదు, పైగా పొగ తోడవుతుంది.

వంటగదిని అందంగా మూసివేయించుకొనేవారికి ఒక్క మాట. ఏడాది కారం కొట్టించే ఇల్లు, దినమూ ఎండుమిరప తాలింపు వేసే ఇల్లు మనది. ఆ ఘాటు పోయే దారి పటంలో లేకపోతే, ఆ పటాన్ని వెనక్కి ఇచ్చేయండి.

దసరానాటికి కాగితం మీద నిర్ణయాలన్నీ ముగించి, సంక్రాంతి తరువాత పని మొదలుపెట్టించి, పెళ్లికి కనీసం నెల ముందు రంగులతో సహా పూర్తిచేయించేటట్లు మాట్లాడుకోండి. పంట పైకం అప్పటికి రాదంటారా, పనిని రెండేండ్లకు విడదీయండి. మొదటి ఏడు స్నానపుగది, పెద్దవారి పడకగది, వంటగది చాలు. హాలు పైకప్పు అలంకారం మరుసటి వేసవికి ఆగగలదు.