తీగ వెంట రెండు రోజులు

గత నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మేము మా సంఘంలోని తాతగారొకరిని వెంటబెట్టుకొని విజయనగరం బస్సెక్కాము. పాస్టరమ్మగారు కట్టిచ్చిన పులిహోర సగం దారిలోనే అయిపోయింది. తాతగారు ముప్పై ఏళ్లు మా ఆరాధనలో ఫిడేలు వాయించినవారు. నాలుగేళ్ల క్రితం చందాలు వేసుకొని కీబోర్డు కొన్న తరువాత ఆ ఫిడేలు పెట్టె అటక ఎక్కింది. వాయించవద్దని ఎవరూ అనలేదు. వాయించండి అని కూడా ఎవరూ అనలేదు. ఆ అడగనివారిలో మేమే మొదటివారము.

విజయనగరానికి ఫిడేలు కొత్త కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) అక్కడి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరాలని వచ్చి, 1919లో అధ్యాపకులుగా నియమితులయ్యారు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. చూపు మందగించిన మనిషి. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ఒంటరిగా కచేరీ చేయగలిగిన వాద్యంగా నిలబెట్టారు. దొరలు తెచ్చిన వాద్యమే, అయితే మనవారు దానిని నేల మీద కూర్చుండబెట్టి, కొనను కుడి పాదం మీద ఆనించి, తీగలను సపసపలకు శ్రుతి చేసుకొన్నారు.

ఆ సాయంత్రం కచేరీలో రెండవ వరుసలో కూర్చున్నాము. రేడియోలో ఫిడేలు గాయకుని వెనుక నీడలా వినిపించేది. ఇక్కడ కంటితో చూశాము: గాయకుడు ఒక సంగతి పాడి ముగించక ముందే కమాను కదులుతోంది. మెట్లు లేని వాద్యం గనుక స్వరస్థానం వేలే వెదకుకోవాలి. పక్కకు తిరిగి చూస్తే తాతగారి ఎడమచేతి వేళ్లు పంచె మీద కదులుతున్నవి. మేము చూడనట్టే ఉన్నాము.

శనివారం ఉదయం రైలులో బొబ్బిలి, అక్కడనుండి వీణలు చేసే గొల్లపల్లి. పనసదుంగ ఒక్కదానినే తొలిచి వీణ చేస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ నల్లని ముద్దలో 24 మెట్లు నిలబెడతారు. పనివాడు తీగ మీటి, విని, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మరల వింటాడు. తాతగారు అక్కడనుండి లేవనంటే మధ్యాహ్న భోజనం దాటిపోయింది.

రాత్రి బొబ్బిలిలో ఒక ఇంటి హాలులో వీణ కచేరీ. నలభై మందికి మించి లేరు. మైకు లేదు. చప్పుడు చేస్తున్నదని ఫ్యాను కూడా ఆపించారు. మీటిన నాదం సన్నగిల్లి ఆగేదాకా ఒక్కరూ దగ్గలేదు. చెమటతో తడిసి కూర్చున్నాము గాని, విసనకర్ర ఊపడానికి మనసు రాలేదు.

తిరుగు బస్సులో అర్ధరాత్రి దాటిన తరువాత తాతగారు అడిగారు: “అయ్యగారూ, నా కమాను వెంట్రుకలు రాలిపోయాయండి. విజయనగరంలో వేయిస్తారంటారా?”

“వచ్చే శనివారం వెళ్దాం తాతగారూ” అన్నాము. కీబోర్డు కుర్రవానితో ఈ మాట ఇంకా చెప్పలేదు.